పలచని గోడ

“స్వామీ, ఈ రోజైనా ఎవరైనా నా గడప తొక్కేలా చూడు!”

పక్కవాటా టైలరమ్మ దణ్ణం పెట్టుకుంటే మా వంటగదిలోకి మొత్తం వినిపిస్తుంది. భర్త పోయినప్పటి నుంచీ రోజూ అదే మొర. ఇవాళ ఉండబట్టలేక పొయ్యి కట్టేసి, వెళ్లి తలుపు తట్టాను.

“దేవుడే పంపాడా, పిన్నిగారూ?”

“గోడ పంపిందే తల్లీ, పలచగా ఉంది కదా! అయినా ఆయన్ని అడుగుతూ కూర్చునే బదులు, వచ్చి నా తలుపు తట్టొచ్చుగా?”

“తడితే మీరు తీయకపోతే? ఆయన దగ్గర ఆ భయం లేదుగా.”

తను రెండో కుర్చీ మీద పేరుకుపోయిన గుడ్డలు తీసి నన్ను కూర్చోబెట్టింది.

“మరి మీరేం కోరుకుంటారు పిన్నిగారూ? నాకెప్పుడూ వినపడలేదే!”

“నువ్వు కోరేదేనే తల్లీ. కాకపోతే నేను మనసులో అనుకుంటాను.”