ఏడో నంబర్ గది

తలుపు తీసిన మహేందర్ చేతిలో టవల్ అలాగే ఉండిపోయింది. ఎదురుగా చక్రాల సూట్‌కేసు పట్టుకుని స్రవంతి నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు.

"గదే నేను అడుగుతున్న. నువ్వెందుకొచ్చినవ్?"

"రూం నా పేరు మీదున్నది."

"ఇద్దరి పేర్ల మీదున్నది. పోయినేడు పోయేటప్పుడు ఈయేటి కోసం రిజిస్టర్ల రాయించింది నేను. నువ్వు కింద ఆటో ఆయనతోని లొల్లి పెట్టుకుంటున్నవు అప్పుడు."

"నువ్వు రావనుకున్న."

"నేను గూడ గట్లనే అనుకున్న. నువ్వొస్తవని తెలిస్తే నేనెందుకొస్తుంటి?"

గురువారం నాడే ఫ్యామిలీ కోర్టు వాళ్లిద్దరికీ విడాకులు ఇచ్చింది. ఇవాళ శనివారం. ఏటా డిసెంబరులో నాలుగు రోజులు శాలిబండలోని ఫోటో ఫ్రేముల దుకాణానికి తాళం వేసి, సూర్యలంక బీచికి వచ్చి, ఈ లాడ్జిలో ఈ గదిలోనే దిగడం ఎనిమిదేళ్లుగా వాళ్లకు అలవాటు. ఆ అలవాటును రద్దు చేసుకోమని జడ్జిగారు ఎవరికీ చెప్పలేదు.

మాటలు విని మేనేజర్ సీతారాం మెట్లెక్కి వచ్చాడు.

"ఏమ్మా, ప్రయాణం బాగా జరిగిందా? సారు అరగంట ముందే వచ్చేశారు. మీరు వెనకాల వస్తున్నారనుకున్నాను."

"ఇంకో రూం ఉన్నదా అన్నా?" అడిగింది స్రవంతి.

"ఇంకోటా? ఎవరైనా చుట్టాలు వస్తున్నారా అండీ? శని, ఆదివారాలు ఒక్కటీ ఖాళీ ఉండదు. మీకు తెలియనిదేముంది!"

ఇద్దరిలో ఎవరూ ఆయనకు విషయం చెప్పలేదు. ఆయన దిగి వెళ్లాక స్రవంతి సూట్‌కేసును లోపలికి లాగింది.

"సాయంత్రం బండికి మనల ఒకరం పోవాలె. ఎవరనేది అప్పుడు చూద్దాం."

"సరే" అన్నాడు మహేందర్.

ఈ ఏడాదిలో కోర్టు బయట వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అదే.

పదింటికి బీచికి వేరువేరుగానే బయలుదేరారు. కానీ గొడుగుల కింద కుర్చీలు అద్దెకిచ్చే ఆండాలు, వాళ్లను దూరం నుంచే గుర్తుపట్టి రెండు కుర్చీలు పక్కపక్కనే వేసేసింది. కాదనడానికి కారణం వెతకడం కంటే కూర్చోవడమే సులువనిపించింది ఇద్దరికీ.

వేయించిన రొయ్యలు వచ్చాయి. మహేందర్ ప్లేటును మధ్యలో పెట్టాడు. అతని ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"గిరాకీ అయ్యుంటది. ఎత్తు. నేనేమనను" అంది స్రవంతి.

"అనవని తెల్సు. అందుకే ఎత్త బుద్ధి అయితలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. దాచుకోలేదు.

"మాదన్నపేట్ల నీ కొత్త ఇల్లు కుదురుకున్నదా?" అడిగాడు కాసేపాగి.

"అంతా మంచిగనే ఉన్నది. నల్లా ఒక్కటే తక్లీఫ్. రెండ్రోజులకోసారి వస్తది."

"పెద్ద డ్రమ్ము కొనుక్కో. మూత గట్టిగ ఉన్నది చూసి తీసుకో."

"ఊఁ. నువ్వు షుగర్ గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

గెలవాల్సింది ఏమీ మిగలకపోవడంతో మాటలు తీరికగా సాగాయి. మహేందర్ కుర్చీలోనే కునుకు తీశాడు. అతని మొహం మీద ఎండ పడుతుంటే స్రవంతి లేచి, గొడుగును కొంచెం వంచి, మళ్లీ వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం మెడలో కెమెరా వేసుకుని ఫోటోలాయన వచ్చాడు.

"సార్, మేడం, కొంచెం దగ్గరికి జరగండి. ఇంకొంచెం."

ఇద్దరూ జానెడు జరిగారు. కెమెరా క్లిక్కుమంది.

"ఒక కాపీయేగా అండీ?"

"రెండు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పొద్దు సరుగుడు తోపు వెనక్కి దిగింది. స్రవంతి పాదాల ఇసుక దులుపుకుని లేచింది.

"నేను పోత. రూం నువ్వు ఉంచుకో. నీకు సముద్రమంటే పానం గద."

"నాకా?" మహేందర్ తల తిప్పి చూశాడు. "ఈ ఉప్పు గాలికి ఒళ్లంత దురద నాకు. ఉన్న నాలుగు దినాలు నిద్ర పట్టది. నీకిష్టమని వస్తుంటి."

స్రవంతి చెప్పు తొడుక్కోబోయి ఆగిపోయింది.

"నాకు అలలంటేనే భయం. ఎన్నడన్న మోకాళ్ల దాంక దిగంగ చూసినవా? నీకిష్టమని నేను వస్తున్న."

ఆండాలు పక్క గొడుగులు ఒక్కొక్కటే మడుస్తోంది. వీళ్ల గొడుగు దగ్గరికి వచ్చి, ఇద్దరినీ చూసి, తర్వాత వస్తానని చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

"ఎనిమిదేండ్లు" అన్నాడు మహేందర్.

"కోర్టుల గీ ముచ్చట ఎవ్వరు అడగలే" అంది స్రవంతి మళ్లీ కుర్చీలో కూర్చుంటూ.

"మరి ఈసారి నా కోసం రావాల్సిన పని లేకుండె గద. అలలంటే భయమంటివి. ఒక్కదానివే ఎందుకొచ్చినవ్?"

"నువ్వెందుకొచ్చినవ్?"

"నేను ముందు అడిగిన."

స్రవంతి సముద్రం వైపు చూడలేదు. అతని వైపూ చూడలేదు. ఒడిలో ఉన్న చేతుల వైపు చూసుకుంది.

"నేను నీకంటే ముందు బండికే దిగిన" అంది చివరికి. "నువ్వు దిగకుంటే వాపస్ పోదామని ప్లాట్‌ఫారం మీదనే కూసున్న."