రెయిన్‌డీర్‌కు ఎండదెబ్బ

"ముందు దాన్ని ఎండలోంచి తీసేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం," అంది ఎవాంజెలిన్.

మదీనాగూడలోని ఆ మాల్ ముందు క్రిస్మస్ కోసం మంచుపల్లె వేశారు. థర్మోకోల్ గుడిసెలు, దూదితో మంచు. అడ్డంగా కట్టిన తాడుకు అవతల, చెక్క కంచె వెనక, ఎర్ర దుప్పటి కప్పుకుని రెయిన్‌డీర్ పడుకుని ఉంది. ఇటునుంచి కొమ్ములూ వీపూ మాత్రమే కనిపిస్తున్నాయి. పైన బోర్డు: 'నిజమైన రెయిన్‌డీర్! ఫొటోలు సాయంత్రం.'

మేనేజర్ ఉదయ్ భాస్కర్ చిరునవ్వు చెదరనివ్వలేదు. "దానికేం కాదు మేడం. డిసెంబర్ కదా, సల్లగనే ఉన్నది."

"మనకి చల్లగా ఉందండీ. దాని వీపు చూడండి, ఎలా ఎగిసిపడుతోందో. రొప్పుతోంది."

"నిద్రపోతున్నది మేడం."

ఎవాంజెలిన్ హైటెక్ సిటీలో ఒక జన్యు పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. ఉత్తరధ్రువం దగ్గర తిరిగే రెయిన్‌డీర్ల జన్యువులను చదవడమే ఆమె ఉద్యోగం. ప్రాణంతో ఉన్న రెయిన్‌డీర్‌ను మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆమె ఎరిగినవన్నీ కంప్యూటర్ తెరమీద బారులు తీరే అక్షరాలే. ఆ అక్షరాలకు ఒక వీపు ఉంటుందనీ, అది ఇంత కష్టంగా పైకీ కిందికీ కదులుతుందనీ ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"దాని ఒళ్లు చలికోసమే తయారైందండీ. కొవ్వును వాడుకునే జన్యువులు చలికి తగ్గట్టు మారాయి. వారాల తరబడి సూర్యుడు కనబడకపోయినా కొమ్ములు పెరిగేలా విటమిన్ డి సంగతి చూసే జన్యువులూ మారాయి. వెంట్రుకల్లో కూడా గాలి నిండి ఉంటుంది. లోపలి వేడి బయటికి పోదు. అలాంటి దాన్ని ఇక్కడ పెడితే, కోటు మీద కోటు తొడిగి పొయ్యి పక్కన కూర్చోబెట్టినట్టే! అసలు ఏం పెడుతున్నారు దానికి?"

"ఏది పెట్టినా తింటది మేడం. తిండికి ఫికర్ లేదు."

"నీళ్లు?"

"టైముకు తాగుతది."

అక్కడున్న ఒక్క ఫ్యానూ టికెట్ కౌంటర్ వైపు తిరిగి ఉంది.

కూతుర్ని చంకనేసుకుని టికెట్ల వరుసలో నిలబడ్డ రజిత ఇక ఊరుకోలేకపోయింది. "ఏంది సార్ గిది? నోరులేని జీవి. దానికేమన్న అయితే పాపం ఎవరికి?"

వరుసలో ఉన్నవాళ్లందరూ ఫోన్లు బయటికి తీశారు. ఎవాంజెలిన్ కూడా తీసింది. "పశువుల డాక్టర్‌ని పిలుస్తున్నాను."

ఉదయ్ భాస్కర్ చిరునవ్వు మొదటిసారి చెదిరింది. "డాక్టర్ ఎందుకు మేడం! నేనేం చెయ్యాల్నో చెప్పుండ్రి."

"మాల్ లోపల పిల్లలు ఆడుకునే మంచుగది ఉంది కదా. అందులో పెట్టండి. సంబరాలు అయ్యేదాకా అది అక్కడే ఉండాలి. నీళ్లు పక్కనే ఉండాలి. మధ్యమధ్యలో విశ్రాంతి ఇవ్వాలి."

"మంచుగదికి వేరే టికెట్ మేడం."

"రెయిన్‌డీర్‌కా?"

అతను బోర్డు వైపు చూశాడు. ఫోన్ల వైపు చూశాడు.

"సరే," అన్నాడు.

చుట్టూ పరదాలు కట్టి, అందరినీ దూరంగా జరిపి, రెయిన్‌డీర్‌ను వెనక దారిన లోపలికి తీసుకెళ్లారు. రజిత చప్పట్లు కొట్టింది. వరుసంతా కొట్టింది. కాసేపటికి ఎవాంజెలిన్ ఎవరి మాటా వినకుండా మంచుగది తలుపు తోసుకుని వెళ్లింది.

లోపల నీలం వెలుతురు. ఆ మసకలో రెయిన్‌డీర్ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. వీపు ఎగిసిపడటం ఆగిపోయింది. ఆమె చున్నీని భుజాల చుట్టూ బిగించుకుని, మెల్లగా దగ్గరికి నడిచి, ఎర్ర దుప్పటి మీద చెయ్యి వేసింది. కళ్లు చెమర్చాయి.

"ఇప్పుడు హాయిగా ఉందా?" జవాబు రాదని తెలిసే అడిగింది.

దుప్పటి కింద, వెనక కాళ్ల వైపు నుంచి ఒక మగగొంతు పలికింది.

"ఏ తల్లి కన్న బిడ్డవో అక్కా, సల్లగుండాలె!"