పాత ఫైలు ఉంచాలా?

రాత్రి రెండింటికి కొత్త సిస్టం ఎక్కిస్తుండగా సర్వర్ ఒక్కటే ప్రశ్న అడిగింది: లాగిన్ నియమాల ఫైలు పాతది ఉంచాలా, కొత్తది వేయాలా? రౌషాన్ పాతదే ఉంచింది. అది ఆమెకు ముందు ఈ సర్వర్ చూసుకున్న సాపర్ అగా, ఊరందరి పెద్దన్న, స్వయంగా రాసింది. పెద్దాయన పోయి నలభై రోజులు కూడా కాలేదు. ఆయన రాత చెరపడానికి ఆమెకు చేతులు రాలేదు.

సర్వర్ మళ్ళీ లేచింది. రౌషాన్ సరైన పాస్‌వర్డే కొట్టింది. చెల్లదంది. పాస్‌వర్డు సరిచూడ్డానికి ఆ ఫైలు పిలిచే పాత ప్రోగ్రాం కొత్త సిస్టంలో లేనే లేదు. ఇక ఎవరి పాస్‌వర్డూ చెల్లదు.

బయట స్తెప్పీ గడ్డిమైదానం మీద చలి మైనస్ ముప్పై ఐదు డిగ్రీలు. ఊళ్ళో ఇళ్ళను వెచ్చబరిచే రేడియేటర్లకు వేడినీళ్ళు ఈ సర్వర్ చెప్పినట్టే వెళ్తాయి. ఆ నీళ్ళు కాచే బాయిలర్ల దగ్గరనుంచి, వాటిని చూసుకునే ముసలి తుర్గాన్ అగా ఫోన్ చేశాడు.

“ఏం తల్లీ, ఊరందర్నీ గడ్డకట్టించి చంపుతావా? మంట తగ్గించడం ఆపు!”

“నేను తగ్గించట్లేదు అగా. అసలు లోపలికే పోలేకపోతున్నా. ఎవ్వరూ పోలేరు.”

“మరి నీ గదిలోంచి తగ్గిస్తున్నదెవరు? ఒక్కో డిగ్రీ దిగుతోంది. మధ్యలో టీ గుక్క తాగేంతసేపు ఆగుతోంది. అలా తగ్గించేవాడు ఒక్కడేనమ్మా.”

రౌషాన్ సర్వర్ పక్కనున్న సాపర్ అగా టీ గిన్నె వైపు చూసింది. ఆయన్ని మట్టిచేసిన రోజున, ఇక టీ చాలు అన్నట్టుగా, ఆమే దాన్ని బోర్లించి పెట్టింది.

ఇప్పుడది వెల్లకిలా ఉంది.