వెడల్పు ములికి

"ఆ సన్నవి కాదు నాయనా, వెడల్పు ములుకులు తీసుకో."

వేట సామాన్ల కొట్టులో బాణం ములుకులు ఏరుకుంటున్న కోల్బీ వెనక్కి తిరిగాడు. కాఫీ కప్పుతో ఎవరో ముసలాయన. ఈ ఓజార్క్ కొండల్లో ఎప్పుడూ చూసిన మొహం కాదు. విల్లు లేదు, తుపాకీ లేదు. చేతికర్ర ఒక్కటే ఉంది.

"ఎందుకో?"

"వెడల్పుది మెడకి కొడతావు. తగిలితే టర్కీ కోడి అక్కడే పడుతుంది, తప్పితే హాయిగా ఎగిరిపోతుంది. సన్నది ఒంట్లో దిగితే ఎక్కడో ముళ్ళపొదలో పడి చస్తుంది. నీకూ దక్కదు, దానికీ సుఖం లేదు."

"వెడల్పుది అంత దూరం సూటిగా పోదు తాతా. మనది యాభై గజాల గురి!"

కొట్టులో నలుగురూ వింటున్నారు. కోల్బీకి హుషారు పుట్టుకొచ్చింది.

"అయినా నీకంత జాలేంటి? ఈ కొండల్లో కోళ్ళేమైనా నువ్వు పెంచావా?"

అందరూ గొల్లుమన్నారు. కొట్టు నడిపే వర్నా మాత్రం నవ్వలేదు. ఏదో అనబోయింది. ముసలాయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, కాఫీ తాగేసి, మెల్లగా కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారుతూనే కోల్బీ గట్టు మీద పొదచాటున కూర్చుని పెట్టలా కూత పెట్టాడు. కింద నుంచి పుంజు బదులు పలికింది. తోక విప్పుకుని పెళ్ళికొడుకులా వచ్చింది.

ఇంకా దూరంగానే ఉంది. ఆగితే దగ్గరికి వచ్చేదే. కానీ నిన్న నలుగురిలో అన్న మాట నిలబెట్టుకోవద్దూ!

బాణం ఒంట్లో దిగింది. పుంజు కూలి, లేచి, నెత్తురు కార్చుకుంటూ లోయలోకి ఎగిరిపోయింది.

కోల్బీ వాగు దాకా వెళ్ళాడు. అవతలి ముళ్ళు చూసి వెనక్కి తిరిగాడు. దెబ్బతిన్న పక్షిని వదిలేసి రావడం అక్కడి వేటగాళ్ళలో తలవంపులు. అందుకే ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు.

మధ్యాహ్నం కొట్టుకి వెళ్తే వర్నా మొహం చూడకుండానే అంది.

"నీ కోడి వెనకాల మంచుపెట్టెలో ఉంది. తీసుకుపో."

"నా కోడా?"

వెళ్ళి మూత తీస్తే, కోడి పక్కనే పసుపు ఈకల బాణం. తనదే.

"ఎవరు తెచ్చారు?"

"నిన్న నువ్వు ఎగతాళి చేసినాయన. వాగు అవతల కూర్చుని ఉన్నాడట. ముళ్ళల్లో దూరి తెచ్చాడు. చేతులన్నీ గీరుకుపోయాయి. 'పాపం కుర్రాడు వెతికి వెతికి అలిసిపోయాడు, ఇచ్చెయ్యి' అన్నాడు."

కోల్బీకి తల కొట్టేసినట్టయింది. వాగు దగ్గర తను వెనక్కి తిరగడం ఆయన చూసే ఉంటాడు. చూసి కూడా ఆ మాట అన్నాడు.

"ఎక్కడున్నాడక్కా? క్షమించమని అడగాలి."

"ఇందాకే బస్సెక్కాడు. ఏటా పుంజు కూత వినడానికే వచ్చి పోయేవాడు. మోకాళ్ళు పోయాయి, ఇంక రాలేనన్నాడు."

"ఇంతకీ ఎవరాయన?"

"నిన్న నువ్వు అడిగినదానికి ఆయన నన్ను జవాబు చెప్పనివ్వలేదు, ఇప్పుడు విను. మా నాన్న రోజుల్లో జనం వేటాడి వేటాడి ఈ కొండల్లో ఒక్క టర్కీని కూడా మిగల్చనప్పుడు, ఎక్కడి నుంచో పెట్టెల్లో తెచ్చి, ఆ గట్టు మీదికి వీపున మోసుకెళ్ళి వదిలి, అవి పిల్లల్ని లేపేదాకా అక్కడే కాపలా పడుకున్నది ఆయనే."