ఉమ్మడి బకెట్టు

నేలమాళిగలో ఢామ్మని ఏదో పేలింది. పొయ్యి మీద టమాటా సాస్ కలుపుతున్న ఫిలొమెనా చేతిలో గరిటె జారిపోయింది. రెండో పేలుడుకి నున్జియో కుర్చీలోంచి లేచాడు.

"వాడే! నీ తమ్ముడే! ఊరుకోడని చెప్పానా?"

"ఒట్టావియో అంత పని చెయ్యడు," అంది ఫిలొమెనా. కానీ కిటికీలోంచి, సందులో ఆగివున్న తమ్ముడి ట్రక్కు కనబడగానే ఆమె గొంతు సన్నబడింది.

బావకీ బావమరిదికీ మూడు వారాల కిందట చెడింది. పిట్స్‌బర్గ్‌లోని ఆ ఇంటి నేలమాళిగలో ఇద్దరికీ కలిపి ఒకే ప్లాస్టిక్ బకెట్టు. నున్జియో ఏటా అందులో వైన్ పులియబెడతాడు. ఈ వేసవిలో కొత్తగా సరదా పుట్టి ఒట్టావియో అందులోనే బీరు పులియబెట్టాడు. ఎంత తోమినా ప్లాస్టిక్కుకి పట్టిన ఆ చేదు వాసన వదల్లేదు. పెరట్లో నున్జియో తండ్రి నాటిన ద్రాక్షతీగ ఎండిపోతూ ఇచ్చిన చివరి కాపు. దాంతో చేసిన వైనంతా బీరు కంపు కొట్టి మురిక్కాలువ పాలైంది. నున్జియోకి తండ్రి మళ్ళీ చచ్చిపోయినట్టయింది.

కోపమొస్తే అతనికి ఒళ్ళు తెలియదు. వైన్ కలిపే తెడ్డుతోనే బావమరిది ముక్కు పగలగొట్టాడు. అంతటితో ఆగాడా? గడ్డపార తెచ్చి వాడి బీరు సీసాలన్నీ నుగ్గునుగ్గు చేశాడు.

"ఇంకో గాజు జాడీ నిండా బీరుంది బావా! ఇప్పుడు దేంట్లో పొయ్యను?" అని రక్తం తుడుచుకుంటూ ఏడ్చాడు ఒట్టావియో.

"నా నెత్తిన పొయ్యి! నా ఖాళీ వైన్ సీసాలున్నాయిగా, వాటినీ నాశనం చెయ్యి! సీసాలో వైన్ నిద్రపోతుంది, బీరు నిద్రపోదు, పొంగుతూనే ఉంటుంది అనేవాడు మా నాన్న. అది కూడా నీలాంటి దుడుకుదేరా!"

ఆ రోజు నుంచి నున్జియో ఆ మెట్లు దిగలేదు.

మూడో పేలుడుకి గోడ మీది పళ్ళెం అదిరింది.

"వాడికి నేలమాళిగ సందు తలుపు తాళంచెవి ఎవరిచ్చారే?"

ఫిలొమెనా తల దించుకుంది. "నేనే. థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి బావకో కానుక సిద్ధం చేస్తానన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"ఇదన్నమాట కానుక! జింకల్ని కొట్టే రైఫిల్ ఉందిగా దొరగారికి."

అలమర మీద నుంచి రెండు గొట్టాల తుపాకీ దించి తూటాలు కూరాడు నున్జియో. చెయ్యి పట్టుకున్న భార్యని విదిలించి కొడితే ఆమె వెళ్ళి గోడకి గుద్దుకుంది.

"పోలీసుల్ని పిలుద్దాం! నీకు దణ్ణం పెడతాను!"

"వాళ్ళొచ్చేలోపు మనిద్దర్నీ చంపేస్తాడు. తప్పుకో!"

తలుపు తీయగానే, చలికని నిన్న ఫిలొమెనా వెలిగించిన బాయిలరు వేడి మొహాన కొట్టింది. బల్బు పగిలినట్టుంది, కింద అంతా చీకటి. గాజుపెంకుల మీద ఎవరో తడబడుతూ నడుస్తున్నారు.

"బావా, దిగొద్దు!" అని అరిచాడు ఒట్టావియో. "ఒక్క మెట్టు కూడా దిగొద్దు!"

"నా ఇంట్లో నన్నే బెదిరిస్తావురా?"

మళ్ళీ పేలింది. ఏదో నున్జియో చెంపను చీల్చుకుంటూ పోయింది. వెచ్చటి రక్తం మెడ మీదికి కారింది. గొంతు వచ్చిన వైపు గురిపెట్టి రెండు గొట్టాలూ ఒకేసారి పేల్చాడు.

కింద ఎవరో కూలబడిన చప్పుడు. ఆ తర్వాత మూలుగు.

ఫిలొమెనా టార్చిలైటుతో పరుగున దిగింది. తమ్ముడు గోడకి చేరగిలబడి ఉన్నాడు. చొక్కా అంతా రక్తం. రెండు చేతులతో, గాజుపెంకులు గుచ్చుకున్న ఓ మందపాటి దుప్పటిని పట్టుకుని ఉన్నాడు. "నా తండ్రీ!" అని మీద పడిపోయింది.

నున్జియో కాళ్ళ కింద నేల జిగటగా ఉంది. అదంతా రక్తమే అనుకున్నాడు. తుపాకీ మందు ఘాటులో ఇంకే వాసనా తెలియలేదు.

"రైఫిల్ ఏదిరా?" దుప్పటి లాగి చూశాడు. కింద ఏమీ లేదు. "చెప్పు! ఎక్కడ దాచావు?"

"దిగొద్దన్నానుగా, బావా," అన్నాడు ఒట్టావియో. కళ్ళు మూతలు పడ్డాయి.

వెనక అరలో మరో వైన్ సీసా దానంతటదే పేలి, బీరు నురుగు కక్కింది.