తొక్కుడు కరెంటు

"కరెంటు తీగ పీకేసిన, వదినా. ఇగ నీ ఫోన్ చచ్చినట్టే. వకీలుతోని ఎట్ల మాట్లాడ్తవ్? ఇల్లు ఖాళీ చెయ్యి," అన్నాడు మరిది తిమోతి, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఎలీసబెతు కుట్టుమిషన్ తొక్కుతూనే ఉంది. సూది కింద బట్టే లేదు. చక్రానికి ఆనించిన సైకిల్ డైనమో గిర్రున తిరుగుతుంటే, దాని తీగ చిన్న సర్క్యూట్ గుండా ఫోన్‌లోకి పోతోంది.

"గిదేం పిచ్చి?"

అంతలోనే ఫోన్ మోగింది.

"వకీలు సారూ, నేను ఇల్లు ఇడిచిపెట్ట. కేసు నడిపియ్యిండ్రి," అంది ఎలీసబెతు, కాలు ఆపకుండా.

తిమోతి మొహం మాడిపోయింది.

"చర్చి సంఘం గీ మిషన్ ఇచ్చిన నాడు, దీని మీద చెయ్యి పెట్టి 'విధవరాలి ఇల్లు నిలబెట్టు ప్రభువా' అని ప్రార్థన చేసింది నువ్వే గదా, తిమోతీ? నిలబెడ్తాంది సూడు. ఆమెన్ అను."