రెండో చాక్లెట్

ఆ రోజు దర్జీ కొట్టు తెరవలేదు. కూతురి సీటు కోసం పిల్లని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు.

సీటంటే ఊరికే ఇచ్చేది కాదు, పరీక్ష ఉంది. నాలుగేళ్ళ పిల్లకి పరీక్షేమిటని నవ్వకండి. అక్షరాలు అడగరు, అంకెలు అడగరు, ఆటలాడిస్తారు. చెప్పింది గుర్తుంటుందా, ఆశ పుట్టినా ఆగగలదా అని చూసి మార్కులేస్తారు. ఆ బడిలో పడితే పిల్ల బతుకు ఒడ్డున పడ్డట్టేనని దర్జీ నమ్మకం.

వరండా బెంచీ మీద పక్కనే ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఏ మనవణ్ణో తెచ్చి ఉంటుందనుకున్నాడు.

"మీ పాపేనా?" అందావిడ.

"అవునండీ. బంగారం. ఒక్కటే చిక్కు, దేనికీ ఆగదు."

"ఎందుకని?"

"తప్పు నాదేలెండి. బట్టల కోసం వచ్చినవాళ్ళకీ రేపే అంటాను, సైకిలు అడిగిన పిల్లకీ రేపే అంటాను. నా మాట దాని దగ్గర చెల్లడం మానేసి చాలా కాలమైంది. చేతికందింది అప్పుడే లాగేసుకుంటుంది."

ఆవిడ ఏదో ఆలోచిస్తూ పిల్ల వంక చూసింది.

"ఈ సంగతి లోపలివాళ్ళ చెవిన వెయ్యకండేం!" అన్నాడు దర్జీ.

ఆవిడ చిన్నగా నవ్వి, లేచి వెళ్ళిపోయింది.

కాసేపటికి పిల్లని పిలిచారు. తండ్రిని, లోపలి మాటలు వినబడే గాజు కిటికీ ఇవతల కూర్చోమన్నారు.

లోపల బల్లకి అవతల కూర్చుని ఉన్నది ఆవిడే.

మనిషని నమ్మి కడుపులో మాట చెప్పుకుంటే పరీక్ష పెట్టే ఆవిడా!

"నేను తల అంటే నువ్వు కాళ్ళు ముట్టుకోవాలి. కాళ్ళంటే తల. సరేనా?" అందావిడ పిల్లతో.

పిల్ల ఒక్కటీ తప్పలేదు.

తర్వాత ఆవిడ బల్ల మీద ఒక చాక్లెట్ పెట్టింది. "ఇది నీదే. నేను బయటికెళ్ళి వచ్చేదాకా తినకుండా ఉంటే ఇంకోటి ఇస్తాను."

ఆవిడ వెనక తలుపు మూసుకోనే లేదు, చాక్లెట్ పిల్ల నోట్లో ఉంది.

దర్జీ తల పట్టుకున్నాడు.

అంతకుముందు వెళ్ళిన పిల్లలందరూ ఆ ఆట కాగానే బయటికొచ్చేశారు. ఈ పిల్లని మాత్రం ఆవిడ పంపలేదు. రంగు పెన్సిళ్ళు తెస్తానని వెళ్ళి, తెచ్చింది. నీళ్ళు తెస్తానని వెళ్ళి, తెచ్చింది. ఆ పైన బల్ల మీద మళ్ళీ చాక్లెట్ పెట్టింది.

"మీ నాన్న రేపు అంటాడు కదూ?" అంటోంది పిల్లతో. "నేను ఇప్పుడే వస్తానంటే ఇప్పుడే వస్తాను. చూశావుగా?"

దర్జీ చివాల్న లేచి నిలబడ్డాడు. తన గుట్టు తన పిల్ల ముందే విప్పుతోంది! నమ్మినందుకు నట్టేట ముంచింది. ఒకసారి తప్పింది చాలక, మళ్ళీ తప్పించి ఆగలేని పిల్లని ముద్ర వేద్దామని కాబోలు.

ఇంక ఏం జరుగుతుందో చూడ్డానికి ఆగలేదు. విసురుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాడు.

"ఏమిటండీ ఈ అన్యాయం? అందరి పిల్లలకీ ఒకసారి, నా పిల్లకి రెండుసార్లా?"

ప్రిన్సిపాల్ తలెత్తింది. "రెండుసార్లా?"

"ఆ చాక్లెట్ ఆటే. నా కళ్ళతో చూశాను. కావాలంటే ఆవిణ్ణి నా ముందే అడగండి."

ఆవిణ్ణి పిలిపించారు.

"ఈయన చెప్పేది నిజమేనా?"

ఆవిడ దర్జీ వైపు చూసింది. అతను చూపు తిప్పుకోలేదు.

"నిజమే," అంది.

"నియమం తెలుసుగా?"

"తెలుసు."

"తప్పితే ఏమవుతుందో కూడా తెలుసుగా?"

ఆవిడ మెడలోని బడి గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "పాప నా కోసం చూస్తూ ఉంటుంది. ఇప్పుడే వస్తానన్నాను. ఒక్కసారి కనబడి వెళ్తాను."

"అక్కర్లేదు," అంది ప్రిన్సిపాల్.

ఆవిడ వెళ్ళిపోయింది. దర్జీకి కడుపు చల్లబడింది. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత!

"ఇప్పుడు ఇంకెవరి చేతైనా మా పాపని మొదటినుంచీ ఆడించండి," అన్నాడు.

"కుదరదండీ. ఏ పిల్లకైనా ఆ ఆట ఒక్కసారే. మొదటిదే లెక్క. మీ పాప మొదటిసారి ఆగిందా?"

దర్జీ లేదన్నట్టు తలూపాడు. "మరి... రెండోది?" అన్నాడు.

"మీరు చెప్పేదాకా రెండోది ఉందనే నాకు తెలీదు. మొదటిదాంట్లో తప్పితే సీటు లేనట్టే. పాపని తీసుకెళ్ళండి."

దర్జీ కాళ్ళీడ్చుకుంటూ ఆ గదికి వచ్చాడు.

పిల్ల రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉంది. ముందర చాక్లెట్ కాగితం విప్పకుండా అలాగే ఉంది.

"పోదాం పద తల్లీ," అని చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు నాన్నా!" అంది పిల్ల కంగారుగా. "టీచరమ్మ ఇప్పుడే వస్తుంది."

పిల్ల అలా ఆగేట్టు చేసి, ఆ రెండో ఆటనే లెక్కలో చూపించి సీటిప్పించడానికే కొలువును పణంగా పెట్టి, అదేమీ పైకి చెప్పకుండా, అతని ఫిర్యాదు మీదే కార్డు తీసి ఇచ్చేసిన ఆ మనిషి అప్పటికే గేటు దాటేసింది.